కీచుబూట్లు

"మేడ ఉన్న ఇల్లు మాత్రం వద్దు," అంది అత్తగారు. "పిల్లాడు మెట్ల మీంచి దొర్లుతాడు."

"మెట్లకి అడ్డంగా చిన్న గేటుంది అత్తయ్యా. కావాలంటే చూడండి."

కోడలు ఫోను ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ దానివైపు తల కూడా తిప్పలేదు.

"ఫొటోల్లో అన్నీ బాగానే ఉంటాయి. పెళ్లికి ముందు నీకు పంపిన ఫొటోలో మావాడూ బాగానే ఉన్నాడు. నోటితో చెప్పు, వింటాను."

సోఫాలో కూర్చున్న ఆ 'మావాడు' పొట్ట కాస్త లోపలికి లాక్కున్నాడు.

కోడలు నోటితోనే చెప్పింది. సముద్రం ఒడ్డున సెలవులకి అద్దెకిచ్చే ఆ ఇంటి కోసం ఆమె నెలల తరబడి కాచుకుని ఉంది. మేడ మీద ఒకే గది. ఆ గదికి ఒక గోడంతా అద్దమే. అద్దం అవతల నీళ్లు. చంటిగాడు పుట్టాక ఆమె ఒక్క కప్పు టీ వేడివేడిగా తాగి ఎరగదు. ఆ అద్దం ముందు కూర్చుని, పొగలు కక్కే టీ అడుగుదాకా తాగాలి. కోరిక అంతే. దానికోసం అత్తగారితో తాడోపేడో తేల్చుకోవాలనే ఈ ఆదివారం రెండు వీధులు దాటి వాళ్లింటికి వచ్చింది.

"గోడంతా అద్దమా? వాడు వెళ్లి గుద్దుకుంటే?"

"గుద్దుకోడండీ."

"ఎర్ర కాగితాలు అంటించు. అరచేయంత వెడల్పువి."

"మరి సముద్రం కనపడొద్దా?"

"సందుల్లోంచి చూసుకో. అంత పెద్దది, ఎక్కడో ఓ చోట తగలకపోదు."

ఇంతలో మామగారు ట్రేతో వచ్చారు. "టీ వచ్చింది. నీ కప్పు కుడిచేతి పక్కన పెట్టాను. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంది, అబ్బాయి సోఫాలో ఉన్నాడు."

ఉద్యోగమంతా బస్టాండు మైకు ముందు చేసిన మనిషి. రిటైరయ్యాక మైకు పోయింది గానీ అలవాటు పోలేదు. ఈమధ్య మరీ ముదిరింది. గదిలోకి ఎవరొచ్చినా, ఎవరు లేచినా ప్రకటన చేసేస్తున్నారు. ఇంకొన్నాళ్లకి ఆలస్యానికి చింతిస్తున్నామని కూడా అంటారేమో అనుకుంది కోడలు.

ఆయన ప్రకటించనక్కర్లేనిది చంటిగాడి రాకపోకలొక్కటే. కీచ్, కీచ్, కీచ్. వాడి బూట్లు అడుగడుక్కీ ఎలుకని తొక్కినట్టు అరుస్తాయి. నాయనమ్మే ఏరి కోరి కొన్నవి. పెద్దవాళ్లంతా గుమ్మం బయట చెప్పులు విడిచి రావాల్సిన ఆ ఇంట్లో వాడొక్కడు మాత్రం బూట్లు విప్పకూడదు. వాడికింకా మాటలు రాలేదు. చెప్పాల్సిందంతా బిస్కెట్లతో చెబుతాడు. సగం కొరికి, మిగతా సగం పట్టుకెళ్లి నాయనమ్మకి పెడతాడు.

"ఇన్ని తంటాలెందుకమ్మా," అన్నాడు కొడుకు. "వచ్చే ఏడు వెళ్దాం. వీడూ కాస్త పెద్దవాడవుతాడు."

"వచ్చే ఏడు లేదు," అంది ఆవిడ. "ఈ నెలలోనే. వాడు సముద్రం చూడాలి."

"వీడికేం గుర్తుంటుంది?"

"నేనుంచుకుంటాలే గుర్తు. ఒక్కసారి చూస్తే చాలు."

మామగారు ఖాళీ ట్రేని తువ్వాలుతో అదే పనిగా తుడుస్తున్నారు. తర్వాత, గిన్నెలు కడగాలంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు. కొడుకు ఫోను మోగింది. ఇలాంటప్పుడు మోగే ఫోన్లంటే అతనికి మహా ఇష్టం. వరండాలోకి తప్పుకున్నాడు.

మిగిలింది వాళ్లిద్దరూ, మధ్యలో కీచుకీచులూ.

"సరే అత్తయ్యా, ఒక మాట మీదకొద్దాం. అద్దానికి ఎర్ర కాగితాలు అంటిస్తాను. మెట్ల అంచులకి పసుపు పట్టీ వేస్తాను. రాత్రంతా వరండాలో లైటు వెలుగుతుంది. మేడ గది మాత్రం నాది."

"కింది గది మాది. అక్కణ్ణుంచి ఇసకలోకి ఎన్ని మెట్లు?"

"మెట్లే లేవు. గుమ్మం దాటితే ఇసకే."

"కుర్చీలు ఒకసారి వేశాక జరపకూడదు. వాడు తట్టుకుంటాడు."

"జరపను."

"మేడ నీదే పో." కోడలు ఊపిరి పీల్చుకునే లోపే ఆవిడ మళ్లీ అందుకుంది. "కానీ ఇసకలో కూడా వాడి బూట్లు విప్పకూడదు."

"ఇసకలో బూట్లేంటండీ? కాళ్లకి తడి తగలకపోతే వాణ్ణి సముద్రానికి తీసుకెళ్లడం దేనికి?"

"వాడెటు పోతున్నాడో తెలియాలి."

"చూస్తుంటే తెలుస్తుందిగా."

"కీచుమంటే ఇంకా బాగా తెలుస్తుంది."

అన్నిటికీ తలవంచిన కోడలికి ఇక్కడ మెడ నిటారైంది. "ఇదొక్కటీ నా వల్ల కాదు అత్తయ్యా. ఇవాళ్టినుంచే మాన్పిస్తాను." బిస్కెట్టు నములుతున్న చంటిగాడిని ఒళ్లోకి లాక్కుని, పట్టీలు ఊడదీసి, రెండు బూట్లూ విప్పేసింది. కిందికి దింపగానే వాడు పిల్లిలా నడుచుకుంటూ పోయాడు.

ఇల్లంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. ఎంత హాయి. ఆమె కప్పు అందుకుంది. ఇంకా పొగలు వస్తున్నాయి.

అత్తగారి తల ఇటు తిరిగింది. అటు తిరిగింది. చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"వీడేడే?"

కోడలు తలెత్తింది. పెదాల దాకా వెళ్లిన కప్పు అక్కడే ఆగిపోయింది.

"వీధి తలుపు తీసుందా? చప్పుడు లేదేం? చంటీ, ఎక్కడున్నావురా?"

వాడు ఆవిడ ఎదురుగానే నిలబడి బిస్కెట్టు చాపుతున్నాడు.