చిగుళ్ళమ్మాయి చదువు

లిఫ్టు మళ్ళీ చెడిపోయింది.

చెడిపోవడం కొత్త కాదు. బాగుచేసే మనిషి వచ్చి, "సాయంత్రానికి అయిపోతుంది" అని చెప్పి వెళ్ళడమూ కొత్త కాదు. ఏ సాయంత్రమో మాత్రం చెప్పడు.

పళ్ళ ఆసుపత్రి పై అంతస్తులో ఉన్న ల్యాబుకి మెట్లెక్కి వచ్చేసరికి చిగుళ్ళమ్మాయికి ఊపిరాడలేదు.

ఆ పేరు చుట్టాలు పెట్టింది. చిగుళ్ళని తినేసి పళ్ళని కదిలించే బాక్టీరియా మీద పీహెచ్‌డీ చేస్తున్నానని ఎంత చెప్పినా, వాళ్ళడిగేది ఒకటే.

"ఇంకా అవ్వలేదా చదువు?"

మొదట్లో వివరంగా చెప్పేది. తర్వాత విసుక్కునేది. ఈమధ్య "అయిపోయింది" అనేస్తోంది. అలా అంటే మనుషులు సంతోషించి వెళ్ళిపోతారని కనిపెట్టింది. ఇన్నేళ్ళ పరిశోధనలో ఆమె సొంతంగా కనిపెట్టింది ప్రస్తుతానికి ఇదొక్కటే.

ఆమె పెంచే బాక్టీరియాకి గాలి గిట్టదు. గాలి తీసేసిన జాడీలో పెట్టి, వెచ్చగా చూసుకోవాలి. కాస్త మర్యాద తగ్గినా చచ్చి ఊరుకుంటుంది.

ఆ రోజు జాడీ మూత కింద రబ్బరు రింగు మడతపడి ఉంది.

ప్లేట్లన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. ఒక్కదాంట్లోనూ ఏమీ మొలవలేదు. ఫ్రీజరులో దాచిన ఆ బాక్టీరియా ఆఖరి గొట్టం కూడా ముందే కరిగించి ఈ ప్లేట్ల మీదే వేసేసింది.

గైడుగారు వచ్చి జాడీలోకి తొంగిచూశారు.

"మూత ఎవరు పెట్టారమ్మా?"

"నేనే సార్."

"అదే అనుకున్నా."

గైడుగారు రబ్బరు రింగు తీసి మడత సాపుచేశారు.

"ఏ మందుకీ లొంగని రకం. ఒక్క పేషెంటు నోట్లోనే దొరికింది. నీ థీసిస్ మొత్తం దాని మీదేగా?"

"అవును సార్."

"ఆ పేషెంటునే పట్టుకుని మళ్ళీ శాంపిల్ తీసుకో. లేదంటే ఇంకో బాక్టీరియాతో మొదట్నించీ మొదలెట్టాలి. నీకెలాగూ చదువంటే ఇష్టమేగా."

ఆ పేషెంటు ఎవరో ఆమెకి తెలీదు. శాంపిల్ తీసేటప్పుడు పేషెంటు ముఖం మీద గుడ్డ కప్పుతారు, నోరొక్కటే కనిపిస్తుంది. ఈమె ముఖానికి మాస్కు. ల్యాబుకి నంబరే వస్తుంది, పేరు కింద ఓపీలో గుమస్తా దగ్గరుంటుంది. అసలామెకి ముఖాలు గుర్తుండవు, చిగుళ్ళు గుర్తుంటాయి. చుట్టాల ఫొటోల్లో కూడా నవ్వినవాళ్ళనే గుర్తుపడుతుంది.

మెట్లు దిగి పరిగెత్తింది.

మెట్ల మధ్యలో ఓ పెద్దాయన దారికడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి రెయిలింగు మీద. ఇంకో చేత్తో నోటికి రుమాలు అదిమి పట్టుకున్నాడు.

"పైన ల్యాబులో ఉండేది మీరేనా అమ్మా?"

"ఆ. లిఫ్టు గురించైతే నాకు తెలీదు తాతగారూ."

"లిఫ్టు కాదమ్మా." ఆయాసం తీర్చుకున్నాడు. "చదువు అయిపోయిందా?"

మెట్ల మీద కూడానా, అనుకుంది.

"అయిపోయింది."

"నిజంగానా?"

"నిజంగానే. చక్కగా అయిపోయింది."

రుమాలుకి పైన ఆయన కళ్ళు తడిశాయి. సొంత చుట్టాలెవరూ ఇంత సంతోషించలేదు.

"అయితే ఇంక నా పని కానిచ్చేసుకోవచ్చా అమ్మా?"

"నిక్షేపంగా కానిచ్చుకోండి. ఓపీ కిందే. కాస్త దారివ్వండి."

"చల్లగా ఉండమ్మా" అని ఆయన గోడకి ఒరిగాడు.

ఓపీలో గుమస్తా టీ తాగుతున్నాడు.

"నంబరు చెబితే పేరు రాదు మేడం. పేరు చెబితే నంబరొస్తుంది."

"పేరు తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను?"

"అదీ నిజమే" అని ఒప్పుకుని, టీ పూర్తిచేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. అది లేచేదాకా లిఫ్టు గురించి మాట్లాడాడు. కంప్యూటరు లేచాక మధ్యలో ఇంకో ముగ్గురికి చీటీలిచ్చాడు. గంటకి పైగా గడిచాక చివరికి,

"మీరు అదృష్టవంతులు మేడం. ఇవాళే వచ్చాడు. లోపల కుర్చీలో ఉన్నాడు."

లోపలికి పరిగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది. డాక్టరుగారు గ్లవుజులు తీస్తున్నారు.

"ఆయనా? ఇప్పుడే వెనక తలుపునించి వెళ్ళాడు. ఉన్న పళ్ళన్నీ తీసేశాను."

"అన్నీనా?"

"నోరంతా మందుతో కడిగి మరీ పంపించాను. అవి ఎప్పుడో తీయాల్సినవి. నెప్పితో నిద్రుండేది కాదు. మెత్తగా నలిపింది తప్ప తినలేకపోయేవాడు. ఎప్పుడు తీస్తానన్నా వద్దనేవాడు."

"పళ్ళేవీ?"

ఆయన మందునీళ్ళ గిన్నె చూపించారు. అందులో ఏ క్రిమీ బతకదు. ఆ సంగతి ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఎందుకు వద్దన్నాడట?"

"శాంపిల్ తీసినావిడెవరో, 'నా చదువయ్యేదాకా ఈ పళ్ళు జాగ్రత్తండీ' అన్నారట. సరదాకే అనుంటారు, ఈయన పట్టుకు కూర్చున్నాడు. ఇవాళ పైకెళ్ళి అడిగొచ్చాడట. పాపం, ఎంత సంబరపడ్డాడో."

ఆ మాట ఎవరన్నారో చిగుళ్ళమ్మాయికి మెల్లగా గుర్తొచ్చింది. మాస్కు వెనకనించి, నవ్వుతూ తనే అంది.

గేటు దాకా పరిగెత్తింది.

ఆయన అక్కడే ఉన్నాడు. బుగ్గల్లో దూది. రుమాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు, ఇంక దాంతో పని లేదు. ఆమెని చూసి, మాట్లాడలేక, గాల్లో రాస్తున్నట్టు చెయ్యి ఆడించి, చదువు అయిపోయిందిగా అన్నట్టు తల ఎగరేశాడు.

పైన గైడుగారు ఎదురుచూస్తున్నారు. ఇప్పుడీ పిల్ల, చదువు అవ్వలేదని ఈ పెద్దాయనకి చెప్పాలా, అంతా అయిపోయిందని పైనున్నాయనకి చెప్పాలా? మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి బాబూ, దణ్ణం పెడతాను. కాస్త త్వరగా చెప్పండి, ఆమె చదువు కోసం ఇన్నాళ్ళూ పళ్ళు కాపలా కాసిన మనిషి నోటినిండా దూదితో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.