కొర్బినియన్ అడిగిన మాట

"ఇంక చాలు బాబాయ్! రొట్టెకి వెన్న రాసినట్టు రాస్తున్నావు," అంది వాల్బుర్గా.

కొర్బినియన్ తలెత్తలేదు. ఆమె స్కీ పలక బాగా జారేందుకు అడుగున మైనం రుద్దుతూనే ఉన్నాడు. ఆమెకు ఉన్నది ఒకే కాలు, ఒకే పలక.

"పైన మంచు గాజులా ఉంది. మూడో మలుపులో ఒళ్లు దగ్గర పెట్టుకో."

"పడితే ఎత్తడానికి నువ్వున్నావుగా."

ఎడమకాలు పోయి పదకొండేళ్లు. అప్పుడామెకు పదిహేను. తీసింది కొర్బినియన్ నడిపే యంత్రం. నిటారు వాలు మీద మంచు చదును చేసేటప్పుడు, జారకుండా ఆ యంత్రాన్ని పైనున్న స్తంభానికి ఉక్కుతాడుతో కడతారు. మసకవెలుతురులో ఆ తాడు కనపడదు; జోరుగా జారుతూ వచ్చి తగిలితే కాలు తెగిపోతుంది, ఆమెకు జరిగిందదే. అందుకే ఎవరూ రాకుండా ముందే దారికి అడ్డంగా వల కట్టి తీరాలి. ఆ సాయంత్రం జనం చేరేసరికి వల గట్టు పక్కన పడి ఉంది. కట్టాడో లేదో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు. కట్టలేదనే కోర్టులో ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది.

అప్పటినుంచి ఆమె పలకలు మోశాడు, బండి తోలాడు, పోటీ పోటీకీ వెంట తిరిగాడు. ఏటా ఈస్టరుకు ముందు ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకునేవాడు. దేవుడు క్షమించాడనే ఆయన చెప్పేవారు. అయితే ఆ క్షమాపణ గుండెదాకా ఎందుకు దిగదో కొర్బినియన్‌కు అంతుపట్టలేదు. ఈ పిల్ల నోటితో వింటే దిగుతుందేమో.

"ఇవాళ్టితో నీ పోటీలు ఆఖరు కదా బుర్గీ. ఇప్పుడైనా క్షమించాననవా?"

"ముందు పతకం రానీ. తర్వాత చూద్దాం."

ఏటా వినే జవాబే.

మూడో మలుపుదాకా ఆమె అందరికన్నా వేగంగా వచ్చింది. అక్కడ పలక పక్కకు జారింది. చేతికర్రలు చెరోవైపు ఎగిరాయి. వాలు మీద దొర్లి దొర్లి ఆగింది.

కొర్బినియన్ పడుతూ లేస్తూ పైకి పరుగెత్తాడు.

"కదలకు తల్లీ. మోకాలు..."

"పోయింది బాబాయ్. చప్పుడు వినపడింది."

ఉన్న ఒక్క మోకాలు. అతను మంచులో కూలబడ్డాడు.

"నాదే తప్పు. మైనం ఎక్కువ పెట్టాను. నువ్వు వద్దంటూనే ఉన్నావు."

"ఇదీ నీ తప్పేనా?" నవ్వబోయింది. ఏడుపొచ్చింది. "తొందరపడి మలుపు తిరిగింది నేనైతే?"

"నన్ను క్షమించు బుర్గీ. రెండిటికీ."

"ఎప్పుడో క్షమించేసి ఉంటే, మర్నాడు నాతో వచ్చేవాడివా?"

అతనికి అర్థం కాలేదు. కింది నుంచి గాయపడ్డవాళ్లను మోసే బండి వస్తోంది. ఆమె అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు వల విప్పి పడేసింది నేనే, బాబాయ్."