మోగే గాజులు

సీమంతం నాడు అత్తయ్య తొడిగించిన గాజులు వారంగా గలగలమంటూనే ఉన్నాయి. నాకేమో చిరాకు. మా ఇంట్లో కిటికీల నుంచి గ్లాసుల దాకా అన్నీ పగలని గాజే. నేలకేసి కొట్టినా కిక్కురుమనదు. పగిలే గాజు మా అమ్మమ్మ కాలంతోనే పోయింది.

ఈ పొద్దున లేచేసరికి కుడిచెయ్యి వాచిపోయింది. గాజులు మణికట్టులోకి దిగబడి, వేళ్లు నీలంగా మారాయి. సబ్బు రాసినా, నూనె రాసినా రాలేదు. ఆసుపత్రిలో నర్సు చూసి పెదవి విరిచింది.

"పగలని గాజు ఏ రంపానికీ లొంగదమ్మా. కొలిమిలో కరగాల్సిందే. చేతికుండగా ఎలా కరిగిస్తాం?"

మా ఆయన మొహం పాలిపోయింది. "అంటే చెయ్యి..." అని ఆగిపోయాడు.

తలుపు దగ్గర నిలబడ్డ అత్తయ్య గొణిగింది. "అవి పగులుతాయి."

"ఏంటమ్మా?" అన్నాడు మా ఆయన.

"పాతరకంవిరా. కొత్తవి మోగవు కదా! కడుపులో బిడ్డకి గాజుల చప్పుడు వినబడొద్దూ? ఊరంతా వెతికి తెచ్చాను. చెబితే వేసుకోనిస్తారా మీరు?"

నర్సు గుడ్డ చుట్టి, కత్తెర పిడితో గట్టిగా తట్టింది. టప్‌మన్న ఆ శబ్దానికి వార్డంతా ఉలిక్కిపడింది. నా వేళ్లలోకి రక్తం జివ్వున పాకింది.

గాజు చిట్లితేనే అరిష్టమనే మనిషి అత్తయ్య. ఇప్పుడు ముక్కలవంక చూసి కళ్లు తుడుచుకుంటూ, "ఆ రెండో చేతివీ కొట్టెయ్యమ్మా," అంది.

"వద్దు, ఇవి వదులుగానే ఉన్నాయి," అన్నాను. ఎడమచెయ్యి పొట్ట దగ్గర పెట్టుకుని ఓసారి గలగలా ఊపాను.