ఎక్కడ ఆగాలి

ఆరు నెలలు నేర్పితే ఆ పెద్దాయనకు గిటార్‌పై మేజర్ స్కేల్, ఆ ఏడు స్వరాల వరుస, పట్టుబడింది. వేళ్లు కాయలు కాశాయి. ఈరోజు మైనర్ ఎత్తుకున్నాను.

"ఇవీ ఆ ఏడు స్వరాలేనండీ. సోలో ఇక్కడికొచ్చి ఆగితే మేజర్, నవ్వుతుంది. అక్కడ ఆగితే మైనర్, ఏడుస్తుంది."

ఆయన గబగబా ఫోన్ తీసి ఒక రికార్డింగ్ పెట్టాడు. "ఇది మా అమ్మాయి చనిపోయే ముందురోజు వాయించింది మాస్టారూ. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పండి. దీనికోసమే నేర్చుకుంటున్నా."

విన్నాను. చివరి స్వరం పడబోతుండగా సోలో తెగిపోయింది.

"ఎక్కడ ఆగేదో తెలీకుండా ఎలా చెప్పేదండీ? ఆ ఒక్క స్వరం ఎందుకు వదిలేసింది?"

ఆయన సౌండ్ పెంచి మళ్లీ పెట్టాడు.

సోలో తెగినచోట, రికార్డింగ్‌లోనే, పక్కగదిలోంచి ఒక అరుపు వినిపించింది. "ఆపవే తల్లీ నీ గోల!"

గొంతు ఆయనదే.