ఆండాళు వేళ్లు

కండెకు దారం చుట్టుతున్న ఆండాళు వేలికి తట్టుకొని పట్టుపోగు తెగింది.

మగ్గం గుంటల నుంచి కొడుకు నరహరి గబగబ లేచొచ్చిండు. "వేళ్లు గిట్ల పగిలినయేందమ్మా? గీ గరుకు వేళ్లతోని ముట్టుకుంటే చీరె ఏమైతది?"

చలికాలం మొదలైనప్పటి సంది ఆండాళు దువ్వెనతోని కాళ్లు గోక్కుంటనే ఉంది. ఒళ్లు పొడిబారిందని దవాఖానల డాక్టరమ్మ మాయిశ్చరైజర్ రాసిచ్చి రెండు నెలలాయె. తెమ్మని అడిగినప్పుడల్లా నరహరిది ఒకటే మాట. "ముసలితనమమ్మా, గట్లనే ఉంటది."

ఇయ్యాల మాత్రం బండి మీద చండూరు పోయి, అరగంటల సీసా తెచ్చిండు.

"తానం చేసి, తడి ఆరకముందే పూసుకోవాలెనట" అన్నడు ఎంతో ప్రేమగ.

ఆండాళు తానం చేసొచ్చి గడపల కూసొని, చీరె పిక్కల దాక ఎత్తింది.

"కాళ్లకెందుకమ్మా? వేళ్లకు పూసుకో, ఊకె ఒడగొట్టకు."

"దురద కాళ్లకు గద, కొడుకా."

"పోగు తట్టేది వేళ్లకు గద."

ఆండాళు ఆ సీసాను ఓపారి తిప్పి చూసింది. "అయితే గీ మందు నాకు కాదు, చీరెకు తెచ్చినవన్నట్టు."

నరహరి మగ్గం దిక్కు చూసిండు.

"సరే, నువ్వే పూయి. నా గరుకు వేళ్లు తాకితే మందు గూడ పాడైతదేమో."

పని ఆగుతాందని నరహరి గునుగుకుంటనే పూసిండు. రెండు కాళ్లు, మోచేతులు, ఆఖరికి వీపు. సీసా సగమైంది.

ఆండాళు కొడుకు చెయ్యి పట్టి, వేళ్లు నిమిరి చూసింది.

"మంచిగ మెత్తవడ్డయి. ఇగ కండెలు నువ్వే చుట్టు. నావి ముసలి వేళ్లు, గట్లనే ఉంటయి."