ఎక్కడ తప్పింది?

చెరువు గట్టున ఈతమట్టకు ఓ కుర్ర గిజిగాడు తన మొదటి గూడు అల్లుకున్నాడు. చిన్న గాలికే అది తెగి నీళ్లలో పడింది. తోటి కుర్రాళ్లు పకపకా నవ్వారు.

"గాలిదే తప్పని చెప్పెయ్‌రా, ఎవరడుగుతారు?" అన్నాడొకడు.

గిజిగాడికి సిగ్గుతో మెడ వాలిపోయింది. అయినా మట్టకు మిగిలిన గడ్డిముడిని ఊడదీసి తెచ్చి, ముసలి గిజిగాడి ముందు పెట్టాడు.

"పెదనాన్నా, ఇదెక్కడ తప్పిందో చెప్పవూ?"

ముసలివాడు ఆ ముడిని ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందా అని అడగడానికి అందరూ వస్తార్రా. తప్పెక్కడో అడిగింది నువ్వొక్కడివే" అంటూ, తన గూటి పైముడే విప్పి, మళ్లీ వేసి చూపించాడు.

కుర్రాడు వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు. ఆ ఏటి గాలివానకు చెట్టంతా వంగిపోయినా వాడి గూడు ఊగిందే కానీ తెగలేదు.

"వీడి ముడి నా ముడికన్నా గట్టిది" అని ముసలివాడు కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.