మిగిలిన పలక

స్క్రూడ్రైవర్ పలకలోకి పిడి దాకా దిగింది.

"ఇదీ పోయింది," అన్నాడు డెస్, మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే.

"పెరుగులో గరిటె దిగినట్టు దిగింది," అంది అతని భార్య కోరలీ, వంటింటి తలుపు దగ్గర నుంచి. "ఇంకా మరమ్మతంటావేంటయ్యా? పీకి పారేసి కొత్తది కట్టు."

వాళ్ళ పెరటి చెక్క అరుగు వాగు మీదికి చాచుకుని ఉంటుంది. దాని చివర కుర్చీ వేసుకుని, కుర్చీలోంచే గాలం వేస్తాడు డెస్. చేప పడిన రోజు తక్కువ. పడలేదని అతను బాధపడిన రోజు ఇంకా తక్కువ. తను పనిచేసిన కొలిమి మూసేశాక అతనికి మిగిలింది ఆ కుర్చీ, ఆ నీళ్ళు.

"కొత్తది కడితే కౌన్సిల్ ఊరుకోదు. అరుగుని గట్టు మీద నుంచి మామిడి చెట్టుకి ఇవతలగా జరపమంటుంది. అక్కడ కూచుని గాలం విసిరితే నీ బట్టల తీగకే తగులుకుంటుంది."

"తగులుకోనీ. నీ లాగూ అయినా పడుతుంది."

పక్కింటి రస్సెల్ కంచె మీద మోచేతులానించి వింటున్నాడు. ఒకే వేసవిలో, ఒకే వడ్రంగి, ఒకే మిల్లు నుంచి తెచ్చిన కలపతో రెండిళ్ళకీ అరుగులు కట్టాడు. రస్సెల్ తనది కిందటేడు పద్ధతిగా విప్పించి, పద్ధతిగా వెనక్కి జరిపి కట్టించాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం దాని మీద కూచుని తన రేకుల షెడ్డు వెనకవైపు చూస్తుంటాడు. పాత చెక్కల కుప్ప కంచె పక్కనే పడుంది.

"చట్టం చట్టమే, డెస్," అన్నాడు.

"చట్టం నాకూ తెలుసు. పాతది ఏమైనా మిగిలితే మరమ్మతు, ఏమీ మిగలకపోతే కట్టడం. నేను మరమ్మతు చేస్తున్నా."

ఆదివారానికో పలక. పాతది ఊడేది, కొత్తది ఎక్కేది. ఊడిన పలక ముక్కలై పెనం కింద మండేది. పైన సాసేజీలు కాలేవి. అరుగు కొత్తబడే కొద్దీ కోరలీ సాసేజీలకి ఊళ్ళో పేరొచ్చింది. తర్వాత గుంజలు మారాయి. దూలాలు మారాయి. ఊరి క్లబ్బులో దీని మీద రెండు పార్టీలయ్యాయి.

"తాత గొడ్డలికి కామ మార్చినా, ఇనుము మార్చినా తాత గొడ్డలే కదా!" అన్నాడు డెస్, బీరు గ్లాసు ఎత్తి.

"అలా మార్చుకుంటూ పోతే ఆ తాత ఎవడో ముందు తేలాలి," అన్నాడు రస్సెల్.

చివరికి కుర్చీ కింది పలక ఒక్కటి మిగిలింది. డెస్ దాని జోలికి పోలేదు. ఈస్టర్‌కి మాత్రం కింది దూలం మార్చాలని దాన్ని ఊడదీసి గోడకి ఆనించి, తమ్ముడి పడవలో చేపలకి వెళ్ళాడు. ఇంటినిండా మనవలు. అతను తిరిగొచ్చేసరికి కోరలీ అతని వాటా సాసేజీలు మూతపెట్టి ఉంచింది. పలక గోడకి ఆనించే ఉంది. బిగించబోతే మేకుల కన్నాలు దూలానికి సరిగ్గా కూచోలేదు.

"ఎండకి చెక్క కదుల్తుంది," అన్నాడు డెస్.

"కదుల్తుందిలే," అంది కోరలీ.

వానలు తగ్గాక కౌన్సిల్ నుంచి ట్రూడీ అనే ఆవిడ వచ్చింది. ఎవరో ఫిర్యాదు పెట్టారట. ఎవరో అడగక్కర్లేదు. రస్సెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆవిడ వెనకాలే వచ్చాడు.

"ఒక్క పాత చెక్క లేదమ్మా ఇందులో. అంతా కొత్త కట్టడం."

ట్రూడీ గుంజలు తట్టింది, దూలాల కిందికి వంగి చూసింది, పెదవి విరిచింది. "నిజమేనండీ. ఇది వెనక్కి జరపాల్సిందే."

డెస్ కుర్చీ పక్కకి జరిపాడు. కింద బూడిదరంగు పలక. దాని పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు.

"ఈ గంటు చూడండి. పెద్ద వరదప్పుడు కొట్టుకొచ్చిన పడవ తగిలింది. ఈ గీతలు మా కుక్క గోళ్ళవి. చచ్చిపోయే రోజు కూడా ఇక్కడే పడుకుంది." డెస్ వేలు పక్కకి జరిపాడు. "ఈ నల్లమచ్చ మా అమ్మాయి పెళ్ళినాటిది. మా బావమరిది చేతిలోంచి నిప్పుకణిక జారింది."

వంటింట్లో కోరలీకి దగ్గొచ్చింది.

రస్సెల్ వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. "ఆ మచ్చ..." అన్నాడు.

"నీకు తెలీకపోవడమేంటి, పెళ్ళికి నువ్వూ వచ్చావుగా!"

"వచ్చాను," అన్నాడు రస్సెల్, మెల్లగా నడుం నిటారు చేస్తూ.

ట్రూడీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పాతది మిగిలింది కాబట్టి ఇది మరమ్మతే. హాయిగా కూచోండి," అని వెళ్ళిపోయింది. రస్సెల్ టీకి ఆగలేదు.

సాయంత్రం డెస్ గాలం విసిరి, అరికాలితో పలకని నిమిరాడు. ఎదుటి గట్టు మీద పెలికన్లు దిగుతున్నాయి.

"చూశావా కోరలీ, ఒక్క చెక్క నిలబెట్టింది మనల్ని. మన బతుకంతా దీనికి తెలుసు."

కోరలీ టీ కప్పు సరిగ్గా నల్లమచ్చ మీద పెట్టింది.

"మనది ఈస్టర్‌కే సాసేజీల కింద కాలిపోయింది, అది రస్సెల్ కుప్పలోది."